పట్నములో పాటకచేరి

నాయుడుపేట ప్రాంతమున పెద్దవారు "పట్నము పోయి వచ్చితిమి" అన్నచో, ఏ పట్నమని మారు ప్రశ్న వేయువారు చిరకాలము లేకుండిరి. ఉత్తరమున నెల్లూరును, పడమట తిరుపతియు దగ్గరగానే యున్నను, పట్నమన్న మాటకు వారి నోట చెన్నపట్నమనియే అర్థము. ఇంగ్లీషువారు మద్రాసు అని వ్యవహరించిన ఆ నగరమునకు 1996లో చెన్నై యను పేరు అధికారికముగా స్థిరపడినది. పేరు ఏదైనను నాయుడుపేటకు అది దాదాపు నూటపది కిలోమీటర్ల దూరమున, దక్షిణముగా, సముద్రపుటొడ్డున నున్నది.

ఒకప్పుడు ఈ తీరమునకు ఆ నగరమే రాజధాని. నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలో భాగముగా నుండెను. విద్యకును, వ్యాజ్యములకును, ఉద్యోగములకును జనులు అచ్చటికే పోవుచుండిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు కర్నూలు రాజధాని అయ్యెను. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశమునకు హైదరాబాదు రాజధాని అయ్యెను. 2014లో రాష్ట్రము మరల విభజింపబడిన పిదప అమరావతి రాజధానిగా నిర్ణయింపబడినది. నాయుడుపేటయు 2022లో నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాకు మారినది. ఇన్ని మార్పులు జరిగినను, ధనుర్మాసము రాగానే సంగీతప్రియులు మాత్రము నేటికిని పట్నము వైపే చూచుచున్నారు. ఆ నెలలో ఆ నగరమున జరుగునంత విస్తారముగా కర్ణాటక సంగీత సభలు మరి యెచ్చటను జరుగవు. ఆ ప్రయాణమునకు ఎట్లు సిద్ధపడవలెనో, అచ్చట ఏమి వినవలెనో, తీరికవేళ ఏమి చూడవలెనో ఈ పాఠమున తెలిసికొందము.

ముందుగా ఆ నగరమునకును మన తీరమునకును గల పూర్వసంబంధమును గుర్తుంచుకొనవలెను. నాయుడుపేటకు తూర్పున సముద్రతీరమున దుగరాజపట్నము కలదు. 1626 ప్రాంతమున ఇంగ్లీషు వర్తకులు దాని సమీపమున, ఆర్మగాన్ అని వారు పిలిచిన చోట, వర్తకస్థానమును ఏర్పరచుకొనిరి. అచ్చట వారికి కావలసిన బట్టలు తగినంతగా, తగిన వెలకు దొరకలేదు. అప్పుడు దాని అధికారియగు ఫ్రాన్సిస్ డే అనునతడు దక్షిణముగా పోయి, 1639లో దామెర్ల వేంకటప్ప నాయకునివలన ఒక ఇసుకనేలను సంపాదించెను. మరుసటి సంవత్సరము అచ్చట కోట కట్టుట మొదలైనది. అదియే సెయింట్ జార్జి కోట. ఆ నాయకుని తండ్రియగు చెన్నప్ప పేరనే చెన్నపట్నమను పేరు వచ్చెనని చరిత్రకారులు చెప్పుదురు. ఈ దామెర్ల వంశమే తరువాత కాళహస్తి సంస్థానాధీశులుగా ప్రసిద్ధి కెక్కినది. కాళహస్తి నాయుడుపేట మీదుగా ప్రవహించు స్వర్ణముఖి ఒడ్డుననే యున్నదని మీకు తెలియును గదా! కావున ఆ మహానగరము పుట్టిన కథలో మన తీరమునకు కొంత పాలు కలదు.

నాయుడుపేటనుండి పట్నమునకు రైలు ప్రయాణము సుఖమైనది. మద్రాసు, బెజవాడలను కలుపు ఈ మార్గము 1899లో పూర్తియైనది. బండినిబట్టి ప్రయాణమునకు రెండుగంటలు, అటునిటుగా పట్టును. దొరవారిసత్రము, సూళ్లూరుపేట, తడ అను స్టేషనులు వరుసగా వచ్చును. సూళ్లూరుపేటనుండి చెన్నైకి లోకల్ బండ్లు కూడ నడచుచున్నవి. ఈ దారికి తూర్పున పులికాట్ సరస్సును, దానికి ఆవల శ్రీహరికోట దీవియు నున్నవి. మన దేశపు ఉపగ్రహములను ఆకాశమునకు పంపు రాకెట్లు ఆ దీవినుండియే లేచుచున్నవి. చలికాలమున దూరదేశపు పక్షులు ఈ సరస్సునకు మేతకు వచ్చును. రైళ్లు, లారీలు విస్తరింపని దినములలో ఈ తీరము వెంట బకింగ్‌హాము కాలువలో పడవలు పట్నమునకు సరకులను చేరవేయుచుండెను.

తడ దాటగానే ఆరంబాకమువద్ద తమిళనాడు మొదలగును. బోర్డులమీద లిపి మారును. గుమ్మిడిపూండి, పొన్నేరి, మీంజూరు, ఎన్నూరు గడచిన పిదప తిరువొత్తియూరు వచ్చును. సంగీతయాత్రకు బయలుదేరినవారు ఈ పేరు వినగానే కిటికీలోనుండి తల యెత్తి చూడవలెను. త్యాగరాజస్వామి ఈ క్షేత్రమును దర్శించి, ఇచ్చటి అమ్మవారియగు త్రిపురసుందరిపై ఐదు కృతులు రచించెను. అవి తిరువొత్తియూరు పంచరత్నములని పేరు పొందినవి. అవన్నియు తెలుగు కృతులే. దీనికి సమీపముననే మణలి అను ఊరు కలదు. ఆ ఊరి మొదలియార్లు సంగీత పోషకులు. ముత్తుస్వామి దీక్షితుల కుటుంబము కొంతకాలము వారి ఆశ్రయమున నుండెను. దీక్షితుల తమ్ముడగు బాలుస్వామి ఆ కాలమున పాశ్చాత్యుల వాద్యమగు వయొలినును నేర్చి మన సంగీతమునకు అనువుగా మలచుకొనెను. నేడు వయొలిను లేని పాటకచేరి అరుదు. మనము దిగవలసిన సెంట్రల్ స్టేషను ఇచ్చటికి ఎంతో దూరము లేదు.

ఇక పట్నమున జరుగు సంగీతోత్సవముల సంగతి తెలిసికొందము. 1927 డిసెంబరులో మద్రాసున జాతీయ కాంగ్రెసు మహాసభ జరిగెను. దానితోపాటు అఖిల భారత సంగీత సమ్మేళనము కూడ జరుపబడినది. సంగీతమును శాస్త్రీయముగా పరిశీలించి పోషించుటకు ఒక స్థిరమైన సంస్థ యుండవలెనని అప్పుడు పెద్దలు నిశ్చయించిరి. ఆ నిశ్చయము ఫలించి 1928 ఆగస్టులో మద్రాసు సంగీత అకాడమీ ప్రారంభమైనది. అది ఏటేట విద్వాంసుల సదస్సును, దానితోపాటు కచేరీలను జరుపుచు వచ్చినది. అకాడమీ ప్రస్తుత భవనమునకు 1955లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1962లో అందు సంగీతోత్సవము మొదలైనది. అకాడమీకి పూర్వమే తిరువల్లిక్కేణిలో పార్థసారథిస్వామి సభ యుండెను. తరువాత కృష్ణగానసభ, నారదగానసభ మొదలగునవి వెలసినవి. నేడు డిసెంబరు నడుమనుండి జనవరి నడుమవరకు నగరమంతట ఎన్నో సభలు ఉదయమునుండి రాత్రివరకు కచేరీలను నడుపుచున్నవి. 2017లో ఐక్యరాజ్యసమితి విద్యా శాస్త్ర సాంస్కృతిక సంస్థ సంగీతము నిమిత్తము చెన్నైని సృజనాత్మక నగరముల వరుసలో చేర్చినది.

ప్రతి సంవత్సరము అకాడమీ సదస్సునకు అధ్యక్షత వహించు విద్వాంసునికి 'సంగీత కళానిధి' యను బిరుదు నిచ్చుట ఆచారము. ఆ గౌరవమును పొందినవారిలో తెలుగు నేలకు చెందిన మహనీయులు పలువురు కలరు. వయొలిను విద్వాంసుడు ద్వారం వేంకటస్వామి నాయుడు 1941లో అధ్యక్షుడయ్యెను. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1978లోను, వైద్యుడై యుండియు సంగీత గురువుగా కీర్తి నొందిన శ్రీపాద పినాకపాణి 1983లోను, నేదునూరి కృష్ణమూర్తి 1991లోను ఈ గౌరవము పొందిరి. స్త్రీలలో మొట్టమొదట 1968లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మి ఈ పీఠము నధిష్ఠించెను.

కచేరీకి పోవుటకు డబ్బు మిక్కుటముగా కావలెనని భయపడనక్కరలేదు. పేరుపొందిన విద్వాంసుల సాయంకాలపు కచేరీలకు టిక్కెట్లుండును. కాని పలు సభలలో పగటివేళ వర్ధమాన కళాకారులు చేయు కచేరీలకు ప్రవేశరుసుము ఉండదు. అకాడమీలో ఉదయము సోదాహరణ ప్రసంగములు జరుగును. విద్వాంసుడు ఒక రాగమును గూర్చి గాని, ఒక వాగ్గేయకారుని గూర్చి గాని మాటలాడుచు, పాడి చూపుచు వివరించును. నేర్చుకొనగోరు బాలబాలికలకు ఇవి మేలైన పాఠములు. వార్తాపత్రికలలో ఏనాటి కార్యక్రమములు ఆనాడు ప్రకటింపబడును. సభలవద్ద ఫలహారశాలలు కూడ నుండును. కొందరు పాటకంటె ముందుగా అచ్చటి వంటకముల జాబితానే విచారింతురని పట్నవాసులే పరిహాసమాడుదురు!

కచేరీ ఎట్లు నడచునో తెలియనివారికి, ఎంత మంచి సంగీతమైనను రెండున్నర గంటల కాలము దీర్ఘముగా తోచును. తెలిసినవారికి అది ఒక కథవలె నడచును. వేదికమీద నడుమ గాయకుడు గాని గాయని గాని కూర్చుండును. వెనుక తంబుర మ్రోగుచుండును. దాని నాలుగు తీగలు ఆధార శ్రుతి నిచ్చును. ఒకవైపున వయొలిను, మరియొకవైపున మృదంగము ఉండును. కొన్నిమారులు ఘటము గాని, కంజీర గాని, మోర్సింగు గాని చేరును. ఘటమనగా మట్టికుండయే. మన ఇండ్లలో నీళ్లు పోసికొను కుండకును దానికిని రూపమున పోలిక కలదు. కాని అది ప్రత్యేకముగా మందముగా చేసి కాల్చినది.

మొదట సాధారణముగా వర్ణము పాడుదురు. అది గొంతును, వ్రేళ్లను, శ్రోతల చెవులను సిద్ధపరచును. తరువాత కొన్ని కృతులు వచ్చును. కృతికి పల్లవి, అనుపల్లవి, చరణము అను మూడు భాగములుండును. పల్లవిలో చెప్పిన విషయమును అనుపల్లవి బలపరచును. చరణము విస్తరించును. ప్రతి భాగము ముగిసిన పిదప పాట మరల పల్లవికి చేరుకొనును. కచేరీ నడుమ ఒక ప్రధానమైన కృతి యుండును. దానికి ముందు గాయకుడు మాటలు లేకయే రాగమును ఆలపించును. వయొలిను విద్వాంసుడు దానినే తన వాద్యమున పలికించును. పిదప కృతి పాడి, అందులో ఒక పాదమును తీసికొని, తాళము తప్పకుండ అవే మాటలను పలువిధముల స్వరములలో పాడును. దీనిని నెరవు అందురు. ఆ వెనుక సరిగమలనే అప్పటికప్పుడు కూర్చి పాడుట స్వరకల్పన. తరువాత గాయకుడు మౌనము వహించును. మృదంగ విద్వాంసుడు తన నేర్పంతయు చూపును. అది తని ఆవర్తనము. ఆ సమయమున లేచి వెలుపలికి పోవుట మర్యాద కాదు. కొన్ని కచేరీలలో రాగము, తానము, పల్లవి అను పెద్ద భాగము కూడ నుండును. చివర పదములు, జావళులు, తిల్లానాలు, భజనలు వంటి తేలికపాటలు పాడి మంగళముతో ముగింతురు. ఈ వరుసను నేటి రూపమునకు తెచ్చినవారిలో అరియక్కుడి రామానుజ అయ్యంగారు ముఖ్యుడు. ఆయన 1890లో జన్మించి 1967లో గతించెను.

తాళము వేయుట నేర్చినచో వినుటలో ఉల్లాసము రెండింతలగును. ఎక్కువగా వినబడు ఆదితాళమునకు ఎనిమిది లెక్కలు. కుడిచేతితో తొడమీద ఒక దెబ్బ వేసి, చిటికెన వ్రేలు మొదలుకొని మూడు వ్రేళ్లను వరుసగా లెక్కింపవలెను. అప్పటికి నాలుగు లెక్కలైనవి. తరువాత ఒక దెబ్బ, అరచేయి త్రిప్పి ఒక విసురు. మరల ఒక దెబ్బ, ఒక విసురు. ఎనిమిది పూర్తియైనవి. సభలో నలుదిక్కుల వృద్ధులును, పిల్లలును ఒక్కసారిగా ఇట్లు తాళము వేయుచుండుట చూడముచ్చటగా నుండును. శబ్దము కాకుండ వేయవలెను సుమా!

ఇప్పుడు ముఖ్యమైన విషయమునకు వత్తము. నాయుడుపేటనుండి పోయిన బాలుడు తమిళనాటి రాజధానిలో, తమిళులు నిండియున్న సభలో కూర్చుండును. వేదికమీదివారు తమిళమున మాటలాడుకొందురు. కాని పాట మొదలు కాగానే వినబడు భాష పెక్కుమారులు తెలుగు! త్యాగరాజు 1767నుండి 1847వరకు జీవించెను. తంజావూరు సీమలో కావేరీ తీరమున తిరువయ్యారులో ఆయన నివసించెను. ఆయన కృతులలో అధికభాగము తెలుగు. శ్యామశాస్త్రి కృతులును ఎక్కువగా తెలుగే. ముత్తుస్వామి దీక్షితులు ప్రధానముగా సంస్కృతమున రచించెను. కృష్ణాతీరమున మువ్వ గ్రామమునకు చెందిన క్షేత్రయ్య పదములును ఈ సభలలో వినబడును. ఇట్లు జరుగుటకు చారిత్రక కారణము కలదు. విజయనగర కాలమునుండి తంజావూరును తెలుగు నాయకరాజు లేలిరి. వారి ఆస్థానమున తెలుగు కావ్యములును, యక్షగానములును వర్ధిల్లెను. తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులును తెలుగును ఆదరించిరి. సంగీతమునకు తెలుగు అనువైన భాషయను నమ్మకము అచ్చట స్థిరపడినది. పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు వంటి తమిళ దేశపు విద్వాంసులు కూడ తెలుగుననే రచనలు చేసిరి. ఆయన పేరులోని పట్నము మన పట్నమే. ఆయన అచ్చట కొంతకాలము నివసించుటచే ఆ పేరు వచ్చినది.

తమ దేశములో తమ భాషలోని పాటలు తగినంతగా పాడబడుట లేదని తమిళులకు ఒకప్పుడు బాధ కలిగినది. అది సహజమైన కోరికయే. 1940 తరువాత తమిళ సంగీతోద్యమము బలపడి, రాజా అణ్ణామలై చెట్టియారు పోషణమున 1943లో తమిళ సంగీత సంఘము ఏర్పడెను. ఆ ఉద్యమమువలన తమిళ కృతులు వేదికలపై విరివిగా వినబడసాగెను. అందువలన సంగీతమునకు మేలే కలిగినది. అయినను వారు త్యాగరాజును విడువలేదు.

వారెంత శ్రమపడి తెలుగును నిలుపుచున్నారో ఒక చిన్న విషయమువలన తెలియును. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అను నాలుగు ధ్వనులకును ఒక్కటే అక్షరము. త, ద లకును, ప, బ లకును అంతే. 'గానము' అన్నను, చూడలేమను అర్థముగల 'కానము' అన్నను ఆ లిపిలో ఒకే తీరుగా వ్రాయబడును. తెలుగు రాని గాయకుడు దీనిని ఎట్లు గుర్తింపగలడు? అందువలన తమిళమున అచ్చైన కృతుల పుస్తకములలో అక్షరముల ప్రక్కన 2, 3, 4 అను చిన్న అంకెలను చేర్చుదురు. ఏ అంకె యున్న ఏ ధ్వని పలుకవలెనో నేర్చుకొని పాడుదురు. శ్రద్ధగలవారు గురువుల యొద్ద పదపదమునకు అర్థము తెలిసికొని పాడుదురు. తెలుగు చదువ నేర్చినవారును కలరు. అప్పుడప్పుడు మాట విరుగకూడని చోట విరుగుట, గకారము కకారమగుట జరుగును. దానిని విని నవ్వుట మనకు తగదు. పరభాషను ఇంత ప్రేమతో తరతరములుగా మోసినవారిని గౌరవింపవలెను.

ఆ తరువాత మనలను మనము ప్రశ్నించుకొనవలెను. ఆ మాటలు మన ఇంటి భాషలోనివి. అంకెల సాయము లేకయే మనము చదువగలము. అయినను ఎందరు విద్యార్థులు ఒక త్యాగరాజ కృతిని ఆసాంతము చదివి అర్థము చెప్పగలరు? ప్రక్కనున్న తమిళ బాలిక భావము గ్రహించి తల యూపుచుండగా, తెలుగు బాలుడు ఏమియు తెలియక దిక్కులు చూచుచుండిన, ఆ భాష ఎవరిదని చెప్పవలెను? భాష పుట్టుకవలన వచ్చును. కాని దానిలోని సంపద శ్రమవలననే దక్కును. కావున కచేరీకి పోవుటకు ముందు కనీసము నాలుగు కృతులను ఎన్నుకొని, వాని సాహిత్యమును వ్రాసికొని, తెలియని మాటలకు ఉపాధ్యాయుల నడిగి అర్థము గ్రహింపవలెను. వానిని ఆకాశవాణిలో గాని, అంతర్జాలములో గాని రెండు మూడుమారులు వినవలెను. అట్లు సిద్ధపడి పోయినవానికి సభలో ఆ కృతులలో ఒక్కటి వినబడినను, పరిచయమైన ముఖమును జనసమూహమున చూచినట్లుండును.

కచేరీల నడుమ పగటివేళ నగరమును చూడవచ్చును. మొదట సెయింట్ జార్జి కోట. ఆర్మగాన్‌నుండి పోయినవారు కట్టిన ఆ కోటలోనే నేడు తమిళనాడు శాసనసభయు, సచివాలయమును ఉన్నవి. అందొక వస్తుప్రదర్శనశాలయు కలదు. పిదప ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియమును తప్పక చూడవలెను. అది 1851లో స్థాపింపబడినది. అందు అమరావతి స్తూపపు శిల్పఫలకములున్నవి. రెండువేల సంవత్సరముల క్రింద కృష్ణాతీరమున తెలుగు నేలపై చెక్కబడిన బుద్ధుని కథలను అచ్చట కన్నులార చూడవచ్చును. ఆ స్తూపపు ఫలకములు మరికొన్ని లండనుకు చేరి బ్రిటిషు మ్యూజియములో నున్నవి. మన రాష్ట్రపు నేటి రాజధాని పేరు ఏ పురాతన క్షేత్రమునుండి వచ్చినదో ఆ ఫలకములముందు నిలిచినపుడు బోధపడును. మ్యూజియము వారమున ఒకదినము మూసియుండును గనుక ముందుగా విచారించి పోవలెను.

త్యాగరాయనగరములో పానగల్ పార్కు కలదు. ఆ రెండు పేర్లును తెలుగువారివే. పిట్టి త్యాగరాయ చెట్టి పేర ఆ పేటయు, 1921నుండి 1926వరకు మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రిగా నుండిన పానగల్లు రాజా పేర ఆ ఉద్యానమును వెలసినవి. సెంట్రల్ ప్రక్కనున్న పార్కు టౌను స్టేషనునుండి మైలాపూరు వైపు పోవు బండి యెక్కినచో తిరువల్లిక్కేణి పార్థసారథి ఆలయమునకును, మెరీనా సముద్రతీరమునకును, మైలాపూరు కపాలీశ్వరాలయమునకును సులభముగా చేరవచ్చును. ధనుర్మాసమున తెల్లవారుజామున మైలాపూరు మాడవీథులలో భజనగోష్ఠులు పాడుచు తిరుగుట అచ్చటి ఆచారము.

మైలాపూరు సమీపమున రాయపేట హైరోడ్డులో నున్న ఒక భవనమును మనవారు మరువరాదు. అది పొట్టి శ్రీరాములు స్మారకము. ఆయన పూర్వులు నెల్లూరు జిల్లావారు. ఆయన 1901లో మద్రాసుననే జన్మించెను. అస్పృశ్యులనబడిన వారికి ఆలయప్రవేశము కలుగవలెనని 1946లో నెల్లూరు మూలాపేటలో నిరశనము చేసెను. ఆంధ్రరాష్ట్రము కొరకు 1952 అక్టోబరు 19వ తేదీన ఈ స్థలమున బులుసు సాంబమూర్తి గృహములో ఆహారము మాని, డిసెంబరు 15వ తేదీ రాత్రి ప్రాణములు విడిచెను. సంగీత సభలు మొదలగు దినములలోనే ఆయన వర్ధంతి వచ్చును. అప్పుడు మద్రాసు ఎవరిదను వివాదము తీవ్రముగా నుండెను. నగరము తమిళులకు దక్కినది. తెలుగువారికి వేరు రాష్ట్రము దక్కినది. రాజకీయముగా ఇరువురును విడిపోయిరి. కాని ఆ స్మారకమునకు కొంతదూరముననే యున్న సభామందిరములలో తమిళులు నేటికిని తెలుగు పాడుచున్నారు, తెలుగువారు పోయి వినుచున్నారు. ఎల్లలు గీయబడినంత మాత్రమున ఇరుగుపొరుగువారు కలిసి సంపాదించిన విద్య చీలిపోనక్కరలేదని ఇందువలన తెలియుచున్నది.

ప్రయాణమునకు సంబంధించిన జాగ్రత్తలు కొన్ని కలవు. బాలబాలికలు పెద్దలతో గాని, ఉపాధ్యాయులతో గాని పోవలెను. సాయంకాలపు కచేరీలు రాత్రి తొమ్మిదిగంటల ప్రాంతమున ముగియును గనుక తిరుగు బండి వేళలను ముందే తెలిసికొనవలెను, లేదా బంధువుల ఇంట బస యేర్పరచుకొనవలెను. ఒక్కదినమున మూడు నాలుగు కచేరీలు వినుటకు ఆశపడరాదు. ఒక్కటి చక్కగా వినుట మేలు. సభలో ప్రవేశించిన పిదప చేతి ఫోనును నిశ్శబ్దముగా నుంచి, పాట నడుమ లేవక, పాట ముగిసిన పిదపనే కరతాళధ్వనులు చేయవలెను. ఒక చిన్న పుస్తకమున పాడిన కృతి, రాగము, తాళము, రచయిత పేర్లు వ్రాసికొనవలెను. రాగము తెలియనిచో ప్రక్కవారిని మెల్లగా అడుగవచ్చును. సంగీతప్రియులు ఇట్టి ప్రశ్నలకు సంతోషముతో బదులు చెప్పుదురు.

ఇల్లు చేరిన పిదప ఆ పుస్తకమును తెరచి, విన్న కృతులలో ఒకదానినైనను సంపూర్ణముగా నేర్చుకొనవలెను. నాయుడుపేట బడిలో పదిమంది పిల్లలు ఏడాదికొక కృతిని అర్థముతో నేర్చినను, పై యేడు ధనుర్మాసమున పట్నము పోవువారు వట్టి ప్రేక్షకులుగా పోరు. పరుల నోట మన మాటను గౌరవముతో విని, అందలి మంచిచెడ్డల నెరిగి ఆనందింపగల రసికులుగా పోవుదురు.